'శుభోధయం' పెట్టే బాబాయిగారిని దిద్దవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించిన మీ బాబాయిగారు రోజూ తెల్లవారగానే కుటుంబ వాట్సాప్ గుంపులో ఒక గులాబీ బొమ్మ పెట్టి, దాని మీద 'శుభోధయం' అని రాస్తారు. మీరు కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు అందరి ముందూ "అది శుభోదయం బాబాయ్, ద కి ఒత్తు లేదు" అన్నారు. ఆయన గుంపులోంచి వెళ్లిపోయారు. పిన్నిగారు మీతో మాట్లాడటం మానేశారు. ఏ తప్పులు దిద్దాలి, ఏవి చూసీ చూడనట్టు ఊరుకోవాలి, బాబాయిగారు తిరిగి వచ్చే దారి ఏదైనా ఉందా అన్నది మీ ప్రశ్న.

శుభ, ఉదయం కలిస్తే గుణసంధి వచ్చి శుభోదయం అవుతుంది. వ్యాకరణం పూర్తిగా మీ పక్షానే ఉంది. పిన్నిగారు ఒక్కరే లేరు. నేను ముప్పై ఏళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు, సన్మాన సంచికలు, ఏడాదికి ఒకటో రెండో పద్యకావ్యాలు. అన్నేళ్లలో నా మీద అలిగినవాళ్లు చాలా తక్కువ. దిద్దినందుకు వాళ్లే డబ్బులిచ్చేవారు మరి. ఉచితంగా దిద్దితేనే మనుషులకు కోపం వస్తుంది.

ముందు బాబాయిగారి ఒత్తు ఎక్కడి నుంచి ఊడిపడిందో చూద్దాం. అచ్చతెలుగు మాటల్లో ఒత్తక్షరాలు దాదాపు లేవు. ఖ, ఘ, ఛ, థ, ధ, భ లాంటివన్నీ సంస్కృత ప్రాకృతాలతోనో, ఉర్దూతోనో వచ్చి మన ఇంట దిగిన చుట్టాలు. (ఏబది నలిగి యాభై, నలుబది నలిగి నలభై, తొంబది నలిగి తొంభై అయినచోట మాత్రం మన నోరే సొంతంగా ఒక ఒత్తును కని పెంచింది. నియమం చెప్పగానే మినహాయింపు గుర్తుకు రావడం ప్రూఫ్ రీడర్లకు ఉండే రోగం.) మాట్లాడేటప్పుడు ఒత్తుల్ని మనం పెద్దగా లెక్కచేయం. కాగితం ముందు కూర్చునేసరికి మాత్రం, మాట కాస్త గొప్పగా వినిపిస్తే అందులో ఎక్కడో ఒక ఒత్తు ఉండే ఉంటుందని భయం పట్టుకుంటుంది. ఆ భయంలోంచే సందర్భం 'సంధర్భం' అవుతుంది, విద్యార్థి 'విధ్యార్థి' అవుతాడు, జన్మదినం 'జన్మధినం' అవుతుంది. బాధ సంగతి మరీ చిత్రం. దానికి ఒత్తు నిజంగానే ఉంది, కానీ రెండో అక్షరానికి. కిటికీ పక్క సీటు ఖాళీ అయిన బస్సులోలాగ అది ఒక అక్షరం ముందుకు జరిగి కూర్చుంటుంది, 'భాద' తయారవుతుంది. ఈ జరగడం 'భాద్యత'లోనూ ఉంది. అనుమానం వచ్చినప్పుడు మా ఫోర్‌మన్ ఒక ఉపాయం చెప్పేవాడు: నొప్పి అని రాసెయ్, ఒత్తుల పూచీ లేదు.

బాబాయిగారి తప్పు ఈ జాతిదే. ఆయన అశ్రద్ధగా రాసినది కాదు, మర్యాద ఎక్కువై రాసినది. పొద్దున్నే అందరికీ శుభం కోరుతూ ఒక ఒత్తు అదనంగా ఇచ్చారు.

ఇక థ, ధ. తెలుగు ప్రూఫులు దిద్దేవాడి జీవితంలో సగం వీటి మధ్యనే గడిచిపోతుంది. అచ్చులో ఈ రెండింటికీ ఉన్న తేడా కడుపులో ఒక చుక్క. సీసపు అక్షరాల రోజుల్లో సిరా కాస్త ఎక్కువ పడితే ఆ చుక్క ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. పైగా మనలో చాలామంది కథను కధ అనీ, రథాన్ని రధం అనీ పలుకుతారు. చెవీ సాయం చేయదు, కన్నూ సాయం చేయదు. అందుకే ప్రథమ చికిత్స 'ప్రధమ చికిత్స' అవుతుంది, పథకం 'పధకం' అవుతుంది. ర కింద చేరినప్పుడు ఇంకా ప్రమాదం, ఎందుకంటే అర్థం, అర్ధం రెండూ నిజమైన మాటలే. అర్థం అంటే భావం, డబ్బు, ప్రయోజనం. అర్ధం అంటే సగం. కోరడం, డబ్బు, ప్రయోజనం ఉన్నచోట థ రాయాలి: ప్రార్థన, అభ్యర్థి, విద్యార్థి, ఆర్థికం, స్వార్థం, వ్యర్థం. సగం ఉన్నచోట ధ: అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధనారీశ్వరుడు. 'మీరు చెప్పింది నాకు అర్ధం అయింది' అని ఎవరైనా రాస్తే సగమే బోధపడిందన్నమాట. చాలాసార్లు అది నిజం కూడా.

ఇక్కడ నా సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. ప్రెస్సులో చేరిన మూడో ఏడు, పదవీ విరమణ చేస్తున్న ఒక తెలుగు మాస్టారి సన్మాన సంచిక వచ్చింది. ఆ వారమంతా శుభలేఖల్లో 'ప్రార్ధన'ను ప్రార్థన చేసి చేసి నా చెయ్యి ఒక ఊపులో ఉంది. సంచికలో ఎనిమిదో పేజీలో మాస్టారి 'అర్ధాంగి' కనిపించారు. ధ పక్కన గీత గీసి, మార్జిన్లో థ రాసి, కింద సంతకం పెట్టాను. ఐదు వందల ప్రతులు 'అర్థాంగి'తో అచ్చయ్యాయి. సభ రోజున మాస్టారు ఆ పేజీ తెరిచి కళ్లజోడు సవరించుకుని చూశారు. నేను వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఆయన సంచిక మూసి, "ఇందులో తప్పేముంది నాయనా, ముప్పై మూడేళ్లుగా జీతం ఆవిడ చేతికే ఇస్తున్నాను" అన్నారు. గురివింద గింజ తన కింది నలుపు ఎరుగదంటారు. నా నలుపు ఐదు వందల ప్రతుల్లో ఉంది, ఎరగకపోయే అవకాశం నాకు లేదు.

తప్పు రాసినప్పుడు అది మరో మాట అయి కూర్చుంటే, అలాంటిదాన్ని మాత్రం నేను వదలను. మచ్చుకు, హోటళ్ల బోర్డుల మీద కనిపించే 'శాఖాహారం'. శాకం అంటే కూర, ఆకుకూర. శాక, ఆహారం కలిసి శాకాహారం. శాఖ అంటే కొమ్మ. కొమ్మల మీద తిరుగుతుంది కాబట్టే కోతికి శాఖామృగం అని పేరు. కాబట్టి 'ఇచ్చట శాఖాహార భోజనం లభించును' అన్న బోర్డు చూసి లోపలికి వెళ్లాల్సింది మేకలు, ఏనుగులు. బ్యాంకు శాఖల్నే ఆరగించినవాళ్లు కూడా వెళ్లవచ్చు, వాళ్ల పేర్లు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. ల, ళ ల దగ్గరా ఇదే చిక్కు. 'ఐదు వేళ రూపాయలు ముట్టినవి' అని రసీదు రాస్తే రూపాయలు ఐదు పూటలుగా ముట్టాయేమో అనిపిస్తుంది. 'పెద్ద కళలు కనండి' అని ఒక కోచింగ్ కేంద్రం గోడ మీద చూశాను. కలలు కనమని వాళ్ల ఉద్దేశం. ఇలాంటివి అచ్చుకు వెళ్లేముందు పట్టుకుంటే అవతలివాళ్లు కాఫీ ఇప్పించి మరీ కృతజ్ఞతలు చెబుతారు. అచ్చయ్యాక చెబితే కాఫీ ఉండదు.

వట్రుసుడి తప్పులు ఇంకో రకం. కొందరికి వట్రుసుడి అంటే బద్ధకం, 'క్రిష్ణ', 'హ్రుదయం' అని రాసేస్తారు. కొందరికి అదంటే మోజు, అక్కర్లేనిచోట కూడా చుట్టేస్తారు. శ్రవణం, శ్రోత ఏ ధాతువులోంచి వచ్చాయో శ్రుతి కూడా అందులోంచే వచ్చింది. వినేది కాబట్టి శ్రుతి. దానికి వట్రుసుడి లేదు. అయినా 'శృతి' అని రాస్తేనే సంగీతం వినిపిస్తుందని చాలామంది నమ్మకం. అశ్రువు అంటే కన్నీటి బొట్టు, కాబట్టి అశ్రునివాళి. మన కూడళ్లలో ఫ్లెక్సీల మీద మాత్రం ఎక్కువగా 'అశృనివాళి' కనిపిస్తుంది. మా వీధికి ఇరవై ఏళ్లు పాలు పోసినాయన పోయినప్పుడు అలాంటి ఫ్లెక్సీ ముందు నేను ఒక్క క్షణం ఎక్కువ నిలబడ్డాను. వాళ్ల అబ్బాయి దగ్గరికి వచ్చి, "బాగా వచ్చిందా అండీ?" అని అడిగాడు. వాడు అడిగింది ఫొటో గురించి. బాగా వచ్చిందన్నాను.

శుభలేఖల దగ్గరికి వద్దాం. నిజమైన వినోదం అక్కడే. 'తామెల్లరు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి' అన్న వాక్యం లేని శుభలేఖ నేను దిద్దిన వేలల్లో పది కూడా ఉండదు. 'స' అంటేనే కూడి అని. 'సమేతంగా' అన్నా కూడి అనే. సకుటుంబంగా రండి అనవచ్చు, కుటుంబ సమేతంగా రండి అనవచ్చు. రెండూ కలిపితే కుటుంబంతో కూడిన కుటుంబంతో కూడి రమ్మన్నట్టు. 'సవినయపూర్వకంగా' కూడా ఇంతే. సవినయంగా అయినా, వినయపూర్వకంగా అయినా ఒక్క వినయం చాలు. కొత్తలో ఒక పెళ్లికూతురి తండ్రికి ఇదంతా ఓపిగ్గా వివరించి 'సమేతంగా' కొట్టేయమన్నాను. ఆయన కార్డు నా చేతిలోంచి తీసుకుని, "మా పెద్దమ్మాయి పెళ్లికి ఇలాగే వేశాం. చక్కగా కాపురం చేసుకుంటున్నారు. మీరు సమేతంగా తీసేస్తే మా వియ్యంకుడు ఒక్కడే వస్తాడు" అన్నాడు. సమేతంగా ఉంచేశాను. ఆ కార్డు మీదే 'ఆశీర్వదింప ప్రార్ధన' అని ఉంటే దాన్ని మాత్రం ఆయన్ని అడక్కుండా సరిచేశాను. ఆయనకు ఇప్పటికీ తెలియదు. ప్రూఫు దిద్దడం చాలావరకు ఇలా చడీచప్పుడు లేకుండా చేసే పనే.

ఈ మధ్య సినిమా హీరోల కటౌట్లకు 'పాలాభిషేకం' జరుగుతున్నప్పుడు పాత పండితులకు కడుపు తరుక్కుపోతుంది, పాల కోసం కాదు, సంధి కోసం. పాలు తెలుగు, అభిషేకం సంస్కృతం. వాటి మధ్య సవర్ణదీర్ఘసంధి చేయడాన్ని వ్యాకరణం ఒప్పుకోదు, అలాంటివాటిని వైరి సమాసాలంటుంది. క్షీరాభిషేకం అనాలి. నాకు తెలిసి ఏ అభిమాన సంఘమూ ఈ కారణంగా కార్యక్రమం వాయిదా వేసుకోలేదు.

విరామచిహ్నాల గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. మన తాటాకుల మీద కామా లేదు, ప్రశ్నార్థకం లేదు, మాటకూ మాటకూ మధ్య ఎడం కూడా లేదు. పద్యం ఎక్కడ ఆగాలో యతిప్రాసలు చెప్పేవి, వాక్యం ఎక్కడ ఆగాలో క్రియ చెప్పేది. ఈ చుక్కలూ తోకలూ అచ్చుయంత్రంతోపాటు వచ్చినవి. అందుకే వాటితో మనకు ఇంకా పూర్తిగా చనువు కలగలేదు. 'ఆయన ఎందుకు రాలేదో తెలియదు?' అని ప్రశ్నార్థకం పెట్టేస్తాం. అది ప్రశ్న కాదు, తెలియదని చెప్పడమే. 'సుమారు 37 మంది గాయపడ్డారు' అంటాం. ముప్పై ఏడు దాకా లెక్కపెట్టినవాడికి ఇంకా సుమారు దేనికి? ఇక దుకాణాల బోర్డుల మీద కొటేషన్లు. గట్టిగా చెప్పడానికి పెడుతున్నామనుకుని 'స్వచ్ఛమైన' నెయ్యి అని రాస్తారు. ఆ కొటేషన్లు చూడగానే నాకు డాల్డా వాసన వస్తుంది.

ఎడం సంగతి ఇంకా ముఖ్యం. 'వెళ్లిపోయాడు' అంటే ఇక్కడి నుంచి కదిలాడు. 'వెళ్లి పోయాడు' అని విడదీస్తే, ఎక్కడికో వెళ్లి అక్కడ ప్రాణం విడిచాడు. ఒక్క దీర్ఘంతో తలకిందులయ్యేవీ ఉన్నాయి. 'అనుమతి లేనిదే లోపలికి రారాదు' అని ఆఫీసుల తలుపుల మీద ఉంటుంది కదా. చివరి దు కి దీర్ఘం ఇచ్చి చదవండి. 'లోపలికి రారాదూ!' ఎంత ఆప్యాయంగా పిలుస్తున్నారో! నా ఉద్యోగ జీవితంలో ఈ ఒక్క అచ్చుతప్పు జరగాలని కోరుకున్నాను, జరగలేదు. తప్పులన్నిటికీ కలిపి మా ప్రెస్సులో ముద్రారాక్షసాలు అనేవాళ్లం. విశాఖదత్తుడి సంస్కృత నాటకం పేరది. అందులో ముద్ర అంటే ఉంగరం, రాక్షసుడు నందుల మంత్రి. తెలుగు అచ్చుపనివాళ్లు ఆ పేరును ఎత్తుకొచ్చి ముద్రణలో దూరే రాక్షసులకు పెట్టుకున్నారు. అచ్చుతప్పు అన్న మాటనే తప్పుగా అచ్చేసి 'అప్పుతచ్చు' అని చెప్పుకున్న జాతి మనది. కాబట్టి తప్పుల మీద మరీ మొహం ముడుచుకోనక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడిగిన రెండోది, ఏవి వదిలేయాలి? భాష ఇప్పటికే మింగి అరిగించుకున్నవాటిని కక్కించే ప్రయత్నం చేయకండి. వర్ధంతి తీసుకోండి. పెరుగుదలను చెప్పే ధాతువులోంచి వచ్చింది. కన్నడంలో వర్ధంతి అంటే ఇప్పటికీ పుట్టినరోజే. మనకు మాత్రం చనిపోయిన రోజు. ఒకే మాట, సరిహద్దు దాటగానే ఉయ్యాల నుంచి పాడె దాకా వెళ్లింది. ధాతువు ప్రకారం దిద్దుతానని ఎవరికైనా 'వర్ధంతి శుభాకాంక్షలు' పంపి చూడండి, ఏమవుతుందో. రాజీనామా కూడా అంతే. పారసీకంలో రాజీ అంటే సమ్మతి, నామా అంటే పత్రం. ఇద్దరూ సమాధానపడి రాసుకునేది. ఇప్పుడు సమాధానపడలేనివాడు ఇచ్చేది. 'ఇచ్చట పంక్చర్లు వేయబడును' అన్న బోర్డు చూసి, మేకులు పట్టుకుని కూర్చున్నాడేమో అని నవ్వుకోవచ్చు. కానీ పంక్చర్ వేయడమంటే ట్యూబుకు అతుకు వేయడమని టైరు ఉన్న ప్రతి తెలుగువాడికీ తెలుసు. ఆ 'బడును' ఒక్కటే నాకు గుచ్చుకుంటుంది. పంక్చర్లు వేస్తాం అంటే సరిపోయేదానికి ఇంగ్లీషు వాక్యానికి పంచె కట్టినట్టుంటుంది. ఆఫీసు కాగితాల్లో 'మరియు' కూడా ఈ కోవలోదే. అమ్మా నాన్నా వచ్చారు అంటే చాలు, దీర్ఘాలే వాళ్లను కలుపుతాయి. 'అమ్మ మరియు నాన్న' అంటే వాళ్లిద్దరి మధ్య ఏదో గొడవ జరిగినట్టుంటుంది. కళ్యాణమండపం అన్న బోర్డు చూసి, మూలంలో అది కల్యాణమే కదా అని నేను ఇంకా గొణుక్కుంటాను. పెళ్లి భోజనం మాత్రం చేసే వస్తాను.

మనలాంటి దిద్దేవాళ్లు గిడుగు రామమూర్తిగారిని తలుచుకోవడం ఆరోగ్యానికి మంచిది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటాం. 1863లో పుట్టారు. గ్రాంథికమే రాయాలి, వాడుక భాష తప్పుల తడక అని పట్టుబట్టిన పండితులతో ఆయన ఏళ్ల తరబడి వాదించారు. ఆ వాదంలో ఆయన వాడిన ఆయుధాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. ఆ పండితులు రాసిన పుస్తకాలే తెరిచి, వాళ్లు ప్రమాణంగా చెప్పుకునే వ్యాకరణం ప్రకారమే అందులో తప్పులు ఏరి చూపించారు. అంటే ఆయన మనందరికన్నా గొప్ప ప్రూఫ్ రీడరు. కానీ కలం పట్టింది, మామూలు మనిషి మాట్లాడే మాటను కాపాడటానికి.

సరే, మీ బాబాయిగారు. క్షమాపణ చెబుతూ మళ్లీ ఒత్తు ప్రస్తావన తేకండి. 'నేను చెప్పింది సరైనదే అయినా' అని మొదలుపెట్టే క్షమాపణలు ప్రూఫు దశలోనే కొట్టేయదగ్గవి. ఆయన రెవెన్యూలో చేశారన్నారు కదా. ముందు పిన్నిగారికి ఫోన్ చేయండి, అది తప్పదు. తర్వాత ఆయన్ని, ఇంట్లో పాత భూమి కాగితాల్లో 'ఫసలీ' అని ఒక సంవత్సరం ఉంటుంది, అది ఎలా లెక్కపెట్టాలి బాబాయ్ అని అడగండి. జవాబు నేనే చెప్పగలను. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, ఏడాది జూలై ఒకటిన మొదలవుతుంది, 2024 జూలైలో మొదలైంది 1434 ఫసలీ. కానీ మీరు ఆయన్నే అడగండి, గుంపులో పిల్లలందరికీ తెలిసేలా చెప్పమనండి. వచ్చి రాస్తారు, చాలా పొడుగ్గా రాస్తారు. అందులో 'సంధర్భం' ఉంటుంది, 'ఖచ్చితంగా' ఉంటుంది, బహుశా ఒక 'భాద్యత' కూడా ఉంటుంది. ఫసలీ లెక్కలో మాత్రం తప్పుండదు.